మరిదికిచ్చిన చేబదులు కూడా మా పొదుపు లెక్కలోకే వస్తుందా?

స్లౌ కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ ఫోరం మూడేళ్లుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

మేముండేది లండన్ దగ్గర స్లౌలో. ఇద్దరికీ ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన నెల 28న మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ కంపెనీలో చేరి ఏడాది ఎనిమిది నెలలే. రెండేళ్లు నిండలేదు కాబట్టి రిడండెన్సీ డబ్బు (ఉద్యోగం తీసేస్తే ఇచ్చే పరిహారం) కూడా లేదు, నోటీసు జీతం ఇచ్చి పంపేశారు. నేను ఒక స్కూలు వంటగదిలో రోజుకు నాలుగు గంటలు చేస్తాను. పాపకు ఏడేళ్లు. ఇంటద్దె 1,450 పౌండ్లు. నా జీతం మొత్తం పెట్టినా అద్దెకే చాలదు.

అద్దె సాయం కోసం యూనివర్సల్ క్రెడిట్‌కి (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం) అప్లై చేద్దామని కూర్చున్నాం. పొదుపు 16,000 దాటితే ఏమీ రాదని చదివాక టెన్షన్ మొదలైంది. మా ఆయన ఎక్సెల్ తీశారు, నేను పాప రఫ్ నోటు పుస్తకం తీశాను. ఆయన లెక్క ఒకలా వచ్చింది, నాది ఇంకోలా.

నా పేరు మీద ఐసాలో (పన్ను లేని పొదుపు ఖాతా) 8,700 ఉన్నాయి. ఐదేళ్లుగా నెలనెలా వేసుకున్నవి. ఇద్దరి జాయింట్ అకౌంట్‌లో 3,900. అందులో 3,000 మావి కావు. ఉద్యోగం పోయిందని తెలిసి రెడింగ్‌లో ఉండే మా ఆయన ఫ్రెండు చేబదులుగా పంపాడు, అడక్కుండానే. ఇక్కడిదాకా 12,600.

అసలు చిక్కు మా మరిది దగ్గర ఉంది. మూడేళ్ల క్రితం వాళ్లు మిల్టన్ కీన్స్‌లో ఇల్లు కొనుక్కునేటప్పుడు డిపాజిట్‌కు 5,000 తక్కువైతే మేమిచ్చాం. నోటు లేదు, వడ్డీ లేదు. "వీలైనప్పుడు ఇస్తాలే వదినా" అన్నాడు. ఇంతవరకు ఒక్క పౌండు రాలేదు, మేమూ అడగలేదు. ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకువాళ్లు ఆ 5,000 ఎక్కడిదని అడిగారట. అప్పని చెబితే లోన్ తగ్గిస్తారని, అది "గిఫ్టు, తిరిగి అడగం" అని ఒక ఉత్తరం మీద మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఇంట్లోవాళ్లకే కదా అనుకున్నాం.

ఆ ఐదు వేలూ కలిపితే 17,600. గీత దాటేశాం. కలపకపోతే 12,600. మా ఆయన "సంతకం పెట్టాం, గిఫ్టే, కలపొద్దు" అంటారు. నాకేమో, మా మరిది వాట్సాప్‌లో "ఈ సంక్రాంతికి సగమైనా ఇస్తా వదినా" అని పెట్టిన మెసేజ్ కళ్ల ముందు కనపడుతోంది.

ఇది చాలదన్నట్టు నరసరావుపేటలో నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటుంది. తొమ్మిది లక్షలు. ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు. "రేపు నాకేమన్నా అయితే మీ అమ్మ బ్యాంకు చుట్టూ తిరగలేదు" అని రెండో పేరు నాది పెట్టించాడు. వడ్డీ మీద వాళ్లిద్దరూ బతుకుతున్నారు. అది కూడా నాదే అంటారా?

రెడింగ్ ఫ్రెండు డబ్బు అప్లై చేసేముందు తిరిగి ఇచ్చేస్తే మోసం అవుతుందా? ఇవ్వకపోతే అప్పు డబ్బు నా పొదుపు ఎలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు.

---

హౌన్స్‌లో_99

ఇంత ఆలోచన ఎందుకు సిస్టర్? ఐసా డబ్బు తీసి పాప పేరు మీద వేసెయ్యండి. పిల్లల డబ్బు లెక్కలోకి రాదు. మా కొలీగ్ అదే చేశాడు.

---

ఈస్ట్‌హామ్ వలంటీర్

పై సలహా మాత్రం పాటించకండి అక్కా. పాపకు తాతయ్య ఇచ్చిన డబ్బు పాప పేరు మీద ఉంటే అది లెక్కలోకి రాదు, నిజమే. సాయం కోసం మీ డబ్బు తీసి పాప పేరు మీద వేస్తే మాత్రం, అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. డబ్బూ చేతిలో ఉండదు, సాయమూ రాదు.

నేను తూర్పు లండన్‌లో ఒక సలహా కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చుంటాను. నేను లాయర్ని కాను గానీ ఈ పొదుపు లెక్క చూడని వారం లేదు. మనవాళ్ల కేసుల్లో చేబదులు, జాయింట్ ఎఫ్‌డీ, ప్లాటు, ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా ఉంటుంది.

ముందు అసలు లెక్క. మొగుడూపెళ్లాలు కలిసే అప్లై చెయ్యాలి, ఇద్దరి డబ్బూ ఒకటే ముద్ద. ఐసా ఎవరి పేరు మీదుందో వాళ్లు చూడరు. 6,000 వరకు పట్టించుకోరు. 6,000 నుంచి 16,000 దాకా, పైనున్న ప్రతి 250కి, ఆఖరున మిగిలిన ముక్కకు కూడా, నెలకు 4.35 పౌండ్లు మీకు ఆదాయం వస్తున్నట్టు లెక్కేసి తీసేస్తారు. నిజంగా అంత వడ్డీ వస్తుందా అని అడక్కండి, ఏ బ్యాంకూ ఇవ్వదు. 16,000 దాటితే మొత్తం సున్నా. 2006 నుంచి ఈ రెండు అంకెలూ కదల్లేదు. అద్దెలు మాత్రం ఎక్కడికెళ్లాయో మీకే తెలుసు.

12,600 ఉంటే పైనున్నది 6,600. ముక్కలు 27 అవుతాయి, నెలకు 117.45 కోత.

ఇక ఫ్రెండు ఇచ్చిన 3,000. మీ అకౌంట్‌లో ఉన్నంతవరకు అది మీ డబ్బే. "రేపు తిరిగివ్వాలి" అంటే తీసెయ్యరు. మన ఇళ్లలో లెక్క వేరు, అప్పు తెచ్చిన డబ్బును ఎవరూ పొదుపు అనరు. ఇక్కడివాళ్లు మాత్రం ఆ రోజు ఖాతాలో ఎంత ఉందో అదే చూస్తారు. మీకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. యూనివర్సల్ క్రెడిట్ రూల్స్‌లో, ఉన్న అప్పు తీర్చడానికి డబ్బు ఖర్చుపెడితే దాన్ని పొదుపు వదిలించుకోవడం కింద లెక్కపెట్టకూడదని స్పష్టంగా రాసుంది. కాబట్టి తిరిగిచ్చెయ్యండి, మోసం కాదు. చేతికి క్యాష్ మాత్రం వద్దు. వచ్చిన దారినే బ్యాంకులో పంపండి, రిఫరెన్సులో అప్పు అని రాయండి. డబ్బు వచ్చిన రోజు వాట్సాప్‌లో మాట్లాడుకున్నవి ఉంచుకోండి. అప్పుడు మీకు 9,600 మిగులుతుంది. కోత 65.25కి దిగుతుంది.

అలాగని 3,000 వదులుకుని వచ్చే నెల అద్దెకు తడుముకుంటారేమో చూసుకోండి. అప్లై చేశాక మొదటి డబ్బు రావడానికి ఐదు వారాలు పడుతుంది. మధ్యలో అడ్వాన్సు అడగొచ్చు గానీ అదీ అప్పే, తర్వాత నెలనెలా కోసుకుంటారు.

ఎఫ్‌డీ సంగతి. జాయింట్ ఖాతా అంటే సగం మీదే అనుకుని మొదలుపెడతారు. తొమ్మిది లక్షలంటే ఇక్కడి లెక్కలో రేటును బట్టి ఏడు నుంచి ఎనిమిది వేలు, మీ సగం నాలుగు వేల లోపు. కాదని చూపించే భారం మీది. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, వడ్డీ ఎవరి ఖాతాకు వెళ్తోంది, మీరెప్పుడైనా తీశారా, ఈ మూడూ కాగితం మీద చూపిస్తే చాలావరకు తేలిపోతుంది. నాన్నగారి రిటైర్మెంట్ కాగితం, ఎఫ్‌డీ వేసిన రోజు పాస్‌బుక్ పేజీ తెప్పించండి. పేరు మీది, డబ్బు ఆయనది. ఈ తేడాను ఇక్కడి చట్టమూ ఒప్పుకుంటుంది.

మరిది విషయం రాత్రికి రాస్తాను. అది రెండు ముక్కల్లో తేలేది కాదు.

---

స్లౌ కోడలు

చాలా థాంక్స్ అండీ. నాన్నకు ఫోన్ చేసి పాస్‌బుక్ పేజీ అడగాలంటే అల్లుడి ఉద్యోగం పోయిన సంగతి చెప్పాలి. ఇంకా చెప్పలేదు. ఏదో టాక్స్ పని అని చెబుదామా అనుకుంటున్నాను.

---

లీడ్స్ పెద్దమ్మ

అమ్మాయీ, నాన్నకు చెప్పెయ్యి. ఆర్టీసీలో బస్సు తోలినాయన, ఇంతకంటే పెద్ద గుంతలు చూసుంటాడు.

నేను ఇక్కడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు 71. నాకు అద్దె సాయం కౌన్సిల్ నుంచి వస్తుంది, పాత హౌసింగ్ బెనిఫిట్. పెన్షన్ వయసు దాటినవాళ్లకు ఇంకా అదే. మా లెక్క వేరు. 10,000 వరకు చూడరు, ఆ పైన ప్రతి 500కి వారానికి ఒక పౌండు. నాకు 13,400 ఉంటే వారానికి 7 పౌండ్లు తగ్గింది. పెన్షన్ క్రెడిట్‌లో (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకిచ్చే సాయం) గ్యారంటీ భాగం వచ్చేవాళ్లకైతే ఆ 16,000 గీత కూడా అడ్డు రాదు. నాకది రాదు.

ఎందుకు చెబుతున్నానంటే, అప్పు తీర్చడం మోసం కాదని పై అబ్బాయి చెప్పింది మీ యూనివర్సల్ క్రెడిట్‌కి. పెన్షన్ వయసు దాటిన మా కౌన్సిల్ లెక్కలోనూ ఆ మాటే ఉంది గానీ, ప్రశ్నలు తప్పవు. మా తమ్ముడి దగ్గర తీసుకున్న రెండు వేలు ఒకేసారి కట్టేస్తే, "అప్పుడే ఎందుకు కట్టారు, గడువుందా, ఆయన అడిగాడా" అని ఉత్తరం వచ్చింది. తమ్ముడి కూతురి పెళ్లి, అందుకే అడిగాడు. శుభలేఖ ఫొటో తీసి పంపాను. తెలుగు శుభలేఖ! ఊరుకున్నారు. ఇది చదివే పెద్దవాళ్లెవరైనా ఉంటే రెండు పథకాలూ కలిపేసుకోవద్దు.

---

ఈస్ట్‌హామ్ వలంటీర్

పెద్దమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

మరిది 5,000కి వస్తాను. ఇచ్చిన అప్పు కూడా ఆస్తే. డబ్బు చేతిలో లేకపోయినా దాన్ని రాబట్టుకునే హక్కు మీ చేతిలో ఉంటుంది, ఆ హక్కుకు ఒక విలువ కడతారు. ఆ విలువ 5,000 అయితీరాలని లేదు. ఈ హక్కును ఇవాళ బయట అమ్మితే ఎవరైనా ఎంతకు కొంటారు అన్నది లెక్క. నోటు లేదు, గడువు లేదు, వడ్డీ లేదు, పైగా తిరిగి అడగమని మీ సంతకాలతో ఉత్తరం ఉంది. అలాంటి బాకీని ఎవరు కొంటారు? నా అంచనాలో దాని విలువ చాలా తక్కువ. ఉట్టి గిఫ్టే అనుకుంటే అసలు మీ ఆస్తే కాదు. మూడేళ్ల క్రితం ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, సాయం కోసం వదిలించుకున్నారనే మాటే రాదు.

మీకు నిద్ర పట్టనిది దీనివల్ల కాదు గదా, ఆ సంతకం వల్ల. దాని గురించి మెత్తగా చెప్పలేను. ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకుకు అబద్ధం రాసిచ్చారు. మన ఊళ్లో మామూలు సంగతే, ఇక్కడ అది మామూలు కాదు. ఒకచోట గిఫ్టు, ఇంకోచోట అప్పు అని రెండు కథలు మొదలుపెడితే మూడోచోట ఏం చెప్పాలో మీకే గుర్తుండదు. నేనైతే క్లెయిమ్ వేశాక జర్నల్‌లో (ఆన్‌లైన్‌లో వాళ్లకు మెసేజ్‌లు రాసేచోటు) ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఫలానా సంవత్సరం మరిదికి 5,000 ఇచ్చాం, తిరిగివ్వాలన్న కాగితం లేదు, తిరిగి అడగమని ఉత్తరం మీద సంతకం పెట్టాం, వీలైతే ఇస్తానని నోటిమాటగా అన్నాడు, ఇంతవరకు ఇవ్వలేదు. అంతే. విలువ ఎంతో వాళ్లు తేల్చుకుంటారు. అయితే రాసేముందు మీ మరిదికి ఒక మాట చెప్పండి, ఆ ఉత్తరం ఆయన ఇంటికి సంబంధించింది కాబట్టి. దగ్గర్లోని సిటిజన్స్ అడ్వైస్‌లో (ఉచిత సలహా కేంద్రం) ఒకసారి కూర్చుంటే ఇంకా మంచిది.

మీకు నచ్చని నిర్ణయం వస్తే నెలలోపు మళ్లీ చూడమని అడగొచ్చు, దానికీ ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్ ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరూ చెప్పలేదు. మీ ఆయన జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ కట్టారు కదా, న్యూ స్టైల్ జేఎస్ఏకి (పని వెతుక్కునేవాళ్లకిచ్చే భృతి) వెంటనే అప్లై చెయ్యమనండి. ఆరు నెలల వరకు వస్తుంది, దానికి మీ పొదుపు ఎంతో అడగరు. యూనివర్సల్ క్రెడిట్ కూడా వస్తే అందులోంచి ఆ మొత్తం తగ్గిస్తారు. అది రాకపోతే ఇదైనా చేతిలో ఉంటుంది.

---

గుంటూరు టు గ్లాస్గో

ప్లాటు గురించి నేను చెబుతాను, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి.

ఊళ్లో నాకు 200 గజాల ప్లాటు ఉంది. ఫామ్‌లో ఇతర ఆస్తులున్నాయా అని అడిగితే, ఇంగ్లండులోవి అడుగుతున్నారనుకుని లేవని కొట్టేశాను. స్కాట్లాండులో ఉంటూ ఇంగ్లండు ఆస్తుల గురించి ఆలోచించడమేమిటో! అది కాదు. ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. ఊళ్లో ధర కడతారు, అమ్మడానికి ఖర్చులని పది శాతం తీస్తారు, దాని మీద తాకట్టు అప్పుంటే అది తీస్తారు. మిగిలింది పొదుపే. 200 గజాలు ఇవాళ ఎంతో మీకు తెలుసు. ఏడు నెలలు తీసుకున్నదంతా వెనక్కి కట్టమన్నారు, పైన 50 పౌండ్లు జరిమానా. ఇప్పటికీ నెలకు 60 చొప్పున కడుతున్నాను. ఉంటున్న ఇల్లు మాత్రం లెక్కలోకి రాదు.

అక్కా, మీకు ప్లాటు లేదు కదా?

---

స్లౌ కోడలు

లేదండీ, దేవుడి దయ అనాలో ఏమనాలో. నాలుగేళ్ల క్రితం అమరావతి దగ్గర కొందామని తెగ తిరిగాం. దొరకలేదని ఏడ్చాను కూడా.

బంగారం మాటేమిటి? పెళ్లినాటి నగలు ఒక ఇరవై కాసులు ఉన్నాయి. సగం అమ్మ దగ్గరే.

---

ఈస్ట్‌హామ్ వలంటీర్

ఒంటిమీద వేసుకునే నగలు సొంత వస్తువుల కింద వస్తాయి, యూనివర్సల్ క్రెడిట్‌లో లెక్కపెట్టరు. పెట్టుబడికని కొన్న బిస్కెట్లు, నాణేలు వేరు, వాటి సంగతి చెప్పాల్సిందే. గొలుసులూ గాజులే అయితే ఆ భయం లేదు.

---

కోవెంట్రీ పీజీ

మేము స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాం. మా అద్దెకు కూడా అప్లై చెయ్యొచ్చా?

---

లీడ్స్ పెద్దమ్మ

వద్దు బాబూ. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ఇలాంటి ప్రభుత్వ సాయాలు) లేవని రాసుంటుంది చూడు. అది ఉన్నంతకాలం అప్లై చేస్తే వీసాకే ముప్పు. ఈ అమ్మాయికి ఐఎల్ఆర్ ఉంది, ఆమె సంగతి వేరు.

---

స్లౌ కోడలు (ఏడు వారాల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్కారం. ఏమైందో చెప్పకుండా మాయమైపోయేవాళ్లంటే నాకే చిరాకు, అందుకే రాస్తున్నాను.

రెడింగ్ ఫ్రెండు డబ్బు మర్నాడే బ్యాంకులో పంపేశాం. తీసుకోనని గొడవ చేశాడు. "కాగితం కోసం రా బాబూ" అని మా ఆయన బతిమాలుకున్నారు. నోటీసు జీతం ఉండబట్టి ఆ నెల అద్దె గడిచింది. జేఎస్ఏ మొదలైంది. పెద్ద మొత్తం కాదు గానీ కూరగాయలకు ఐసా తియ్యాల్సిన పని తప్పింది.

నాన్నకు నిజమే చెప్పాను పెద్దమ్మా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎఫ్‌డీ పగలగొట్టి పంపనా?" అన్నాడు. వద్దు నాన్నా, పంపితే అది కూడా నా పొదుపు అయిపోతుంది అంటే నవ్వాడు. "మీ దేశంలో సాయం చేసినా తప్పేనా?" అని. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లి మేనేజరు చేత స్టాంపు వేయించి ఏకంగా పదకొండు పేజీలు పంపాడు. నేనడిగింది ఒక్క పేజీ.

మరిదితో మాట్లాడటమే కష్టమైంది. ముందు మా ఆయనే చేశారు, అన్నదమ్ములిద్దరూ అరుచుకున్నారు. "నా ఇల్లు పోగొడతావా" అని అతను, "నీ ఇంటి కోసం మేం రోడ్డున పడాలా" అని ఈయన. మా తోడికోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి సిటిజన్స్ అడ్వైస్‌లో ఒకావిడ దగ్గర కూర్చున్నాం. ఆవిడ కూడా వలంటీర్ గారు చెప్పినట్టే, జరిగింది జరిగినట్టు రాయమన్నారు. ఎనిమిది లైన్లు రాశాం. దానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది.

జర్నల్‌లో రెండుసార్లు ప్రశ్నలు వచ్చాయి. ఒకసారి ఆ గిఫ్టు ఉత్తరం కాపీ అడిగారు, ఇంకోసారి ఎఫ్‌డీ వడ్డీ ఏ ఖాతాకు వెళ్తోందని. నిన్న మొదటి స్టేట్‌మెంట్ వచ్చింది. పొదుపు అని చూపించింది 9,600. మరిది ఐదు వేలూ కలపలేదు, నాన్న డబ్బూ కలపలేదు. కోత 65.25, వలంటీర్ గారు చెప్పిన అంకె పైసాతో సహా. అద్దె మొత్తం రాలేదు. మా ఏరియాకు వాళ్లు పెట్టుకున్న పరిమితి వరకే ఇస్తారట. నా జీతంలో ప్రతి పౌండుకూ 55 పెన్నీలు తగ్గిస్తున్నారు, మొదట కొంత వదిలేసి. అయినా గడుస్తుంది. మా ఆయనకు రెండు ఇంటర్వ్యూలు ఉన్నాయి, ఒకటి రెండో రౌండు దాకా వెళ్లింది.

ఇంకొక్క ప్రశ్న. రాత్రి మరిది ఫోన్ చేశాడు. మనసులో పెట్టుకోవద్దు వదినా, వచ్చే నెల ఒక వెయ్యి పంపుతా అన్నాడు. మూడేళ్లలో మొదటిసారి. డబ్బు రాగానే అది జర్నల్‌లో రాయాలి కదా? పైన గిఫ్టు ఉత్తరం కాపీ, కింద వెయ్యి వచ్చిందని నేను రాసేది... ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.